తొమ్మిది గోల్స్‌తో ఓడిన సీజన్ కోసం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

శుక్రవారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు శ్రావణ్ ఫోన్ చేశాడు. జగిత్యాలలో నేను చదివిన కాలేజీలోనే ఇప్పుడు డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాడు, హాకీ జట్టుకు కెప్టెన్. నమస్తే కూడా లేకుండా "సార్, మన టీమ్ పేరు తీసేస్తున్నరట" అన్నాడు. కాలేజీల టోర్నీకి ఒక నిబంధన ఉంది. వరుసగా మూడు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడని జట్టును జాబితాలోంచి కొట్టేస్తారు. మా జట్టు గడిచిన మూడు సీజన్ల ఎదుట కాలేజీ ఆఫీసు రికార్డులో మూడుసార్లూ ఒకే మాట ఉందట: "విద్యార్థులకు ఆసక్తి లేదు." శనివారం సాయంత్రం నాలుగింటికి ఎంట్రీలు మూసేస్తారు. ఆలోపు మొదటి సీజన్ నుంచి ఇప్పటి దాకా జట్టు చరిత్ర రాసివ్వాలి, ఆ ఖాళీ సీజన్లలో ఒక్కదానికైనా మ్యాచ్ ఆడినట్టు అసలు కాగితం చూపించాలి. "నాది ఫైనలియర్ సార్. ఈసారి పోతే నాకు మల్ల లేదు" అన్నాడు. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాను.

నన్నే ఎందుకు అడిగాడంటే, ఆ జట్టు మొదటి సీజన్‌లో ఎడమవైపు బ్యాక్ ఆడింది నేను. పైగా జట్టు సంగతులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు నాకే ఉంది. మీలో ఎవరైనా ఇలాగే పాత జట్టు ఆనవాళ్లు వెతుక్కుంటూ ఈ మూడు ఊళ్లూ ఒక్క రోజులో తిరగాలనుకుంటే పనికొస్తుందని దారి, టైమూ కూడా రాస్తున్నాను. కోపం మధ్యలో వస్తుంది. దాన్ని తీసేసి రాయడం నాకు చేతకాదు.

శనివారం ఉదయం ఏడింటికి జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కాను. పల్లెవెలుగు, ముప్పావుగంట ప్రయాణం, టికెట్టు నలభై రూపాయల లోపే. కిటికీ పక్క సీటులో నోటుబుక్కు తెరిచి సీజన్లు వరుస పెట్టుకుంటూ కూర్చున్నాను. మొదటి సీజన్: పదకొండు మందికి కాలేజీ ఇచ్చింది ఆరు స్టిక్కులు, మిగిలినవి తుమ్మ కొమ్మలు నిప్పు మీద కాచి వంచుకున్నవి. మూడు మ్యాచులు ఆడి మూడూ ఓడిపోయాం. రెండో సీజన్: మొదటి గోల్, అదీ అవతలి డిఫెండరు కాలికి తగిలి వెళ్లింది. ఐదో సీజన్: ఫైనల్ దాకా వెళ్లి ఒక్క గోల్ తేడాతో ఓటమి. ఆ తర్వాత కొన్నేళ్లు గెలుపోటములు సమానం. పీఈటీ సార్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. అక్కడి నుంచి నా రాతలో గోల్స్ తగ్గిపోయి ఖాళీలు పెరిగాయి.

చివరి మూడింటి సంగతి వినండి. ఒక సీజన్‌లో గ్రౌండులో వడ్ల కొనుగోలు కేంద్రం పెట్టారు. లారీలు రాక కుప్పలు వారాల తరబడి అక్కడే ఉన్నాయి, సీజన్ వాటి కిందే ముగిసింది. వడ్లు ఆరబోసుకున్న రైతు మీద నాకు ఇసుమంత కోపం లేదు, ఊళ్లో చదునైన జాగా ఇంకోటి లేకపోతే అతనేం చేస్తాడు? ఇంకో సీజన్‌లో ఎంట్రీ ఫారం నింపే దిక్కు లేదు. ఈ రెండింటికీ "ఆసక్తి లేదు" అని రాసిన చేతిని ఒకసారి చూడాలని ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్న సీజన్ మాత్రం ఖాళీ కాదు. ఆ ఏడు డేవిడ్ అనే కుర్రాడు కెప్టెన్. సొంత ఖర్చుతో జట్టును సిరిసిల్లకు తీసుకెళ్లి ఒక టోర్నీ మ్యాచ్ ఆడించాడు, దాన్ని ఎవరూ రికార్డులోకి ఎక్కించలేదు. మ్యాచ్ షీటు అతని దగ్గర ఉండాలి. డేవిడ్ ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు, కోరుట్లలో అక్క ఉంటుంది.

టికెట్టు కొడుతూ కండక్టరు నా నోటుబుక్కులోకి తొంగిచూశాడు. "హాకీ అంటే గా కట్టెలతోని కొట్టుకునుడేనా సార్?"

"కట్టెతో బంతిని కొడతారు, మనుషుల్ని కాదు" అన్నాను, కాస్త కటువుగానే.

"మా ఊర్ల బంతి దొరకక డైరెక్టుగ మనుషులనే కొడుతరు" అని నవ్వి ముందుకు పోయాడు. మామూలు రోజైతే నేనూ నవ్వేవాణ్ని. ఆ రోజు వాచీ చూసుకోవడం తప్ప ఏదీ చేతకావడం లేదు.

డేవిడ్ అక్క సువార్త వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను విషయం చెబుతుంటే చేతులు ఆగలేదు. షీటు మాట రాగానే ఆగాయి.

"గా కాయితం ఏజెంటుకు ఇచ్చినం గద సార్" అంది.

"ఏ ఏజెంటు?"

"గల్ఫ్ ఏజెంటు. ఒరిజినల్స్ అన్ని తెమ్మన్నడు. గుండ్రటి ముద్ర ఉన్న కాయితాలు ఎన్ని ఉంటే వీసా గంత జల్ది అయితదని అందరు అంటుండ్రు. ఇంట్ల ముద్ర ఉన్నయన్ని ఏరి ఇచ్చినం. పదో తరగతి మెమో, బాప్తిస్మం సర్టిఫికెట్, గీ ఆట కాయితం."

"ఆట కాగితానికీ వీసాకూ ఏం సంబంధమమ్మా?"

"నాకేమెర్క? దాని మీద ఇంగ్లీషు ఉండె, ముద్ర ఉండె." చాట పక్కన పెట్టి మెల్లగా అడిగింది, "తప్పయిందా సార్? గా పోరల ఆట నా వల్ల పోతదా?"

అక్కడ కోపం రావాల్సింది ఆమె మీద కాదు. కూలి పనికి వెళ్లే మనిషి దగ్గర ఇంట్లో ఉన్న అసలు కాగితాలన్నీ ఊడ్చుకుపోయి, అడిగితే ఫోన్ ఎత్తని ఏజెంటు మీద రావాలి. తరతరాలుగా గుంట భూమికైనా పట్టా లేని ఇంట్లో ముద్రకు అంత విలువ ఎందుకు వచ్చిందో ఆలోచించని మన మీద రావాలి. ఆమెకు ఆ మాటలేవీ చెప్పలేదు. "నీ తప్పేం లేదు" అని మాత్రం అన్నాను. ఆమె వెంటనే వాట్సాప్‌లో తమ్ముడికి ఫోన్ కలిపింది. వెనక యంత్రాల చప్పుడు మధ్య డేవిడ్ గొంతు వినిపించింది: "సార్, రెండు షీట్లు రాసిండ్రు. ఒకటి మాకు, ఒకటి అవతలి టీమోళ్లకు. గాళ్లు ఇడిసిపెట్టి పోతే గాళ్ల షీటు సిరిసిల్లల నరేశన్న తీసుకున్నడు, సాంచెల కార్ఖానల పని చేస్తడు. నంబరు పంపిస్త." పంపించాడు. నరేశ్ ఎత్తలేదు. సాంచెలంటే మరమగ్గాలు, వాటి షెడ్డులో ఫోన్ మోగినా వినబడదని అక్కడికి వెళ్లాక తెలిసింది. అప్పుడు మాత్రం బస్టాండుకు నడుస్తూ మళ్లీ మళ్లీ కలిపి చూశాను.

కోరుట్ల నుంచి సిరిసిల్లకు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. వేములవాడ బస్సెక్కి, అక్కడ మారడం నయం. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా రెండు గంటలు దాటుతుంది, టికెట్టు తొంభై దాకా అవుతుంది. తొమ్మిదింటికి బయల్దేరింది. చందుర్తిలో డ్రైవరు ఇంజను ఆపి దిగుతుంటే నేనూ వెంట దిగాను. "అన్నా, జల్దీ పోవాలె. ఓ టీమ్ ఆగమైతది" అన్నాను. ఎంత రాసిన మనిషికైనా తొందరలో సొంత ఊరి మాటే వస్తుంది.

"ఏ టీమ్ సార్?" అన్నాడు చాయ్ గ్లాసు అందుకుంటూ.

"హాకీ."

"గట్లనా. నేను క్రికెట్ అనుకొని బెదిరిన" అని నాకూ ఒక చాయ్ చెప్పాడు. పది నిమిషాలు ఆగాల్సిన బస్సును ఆరు నిమిషాల్లో కదిలించాడు. అది నాకోసమే అనుకుంటున్నాను.

వేములవాడ నుంచి షేర్ ఆటోలో సిరిసిల్ల అరగంట లోపే, ముప్పై రూపాయలు. పన్నెండు కావస్తుండగా నరేశ్ పనిచేసే షెడ్డు దొరికింది. లోపల చప్పుడు చెవుల్లో కాదు, పళ్లల్లో వినిపిస్తుంది. నరేశ్‌కు ముప్పై రెండేళ్లుంటాయి. తల మీద, కనుబొమల మీద నూలు పొట్టు. నా పెదాలను బట్టి "హాకీ" అన్న మాట పట్టుకున్నాడు. ఒక్కొక్కటిగా తన సాంచెలన్నీ ఆపి బయటికి వచ్చాడు. ఆపినంత సేపు అతని బట్ట ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఆ సంగతి అతను అనలేదు.

"ఆ దినం మీ పోరగాళ్లు ఎనిమిది మందే అచ్చిండ్రు సార్" అన్నాడు. "ఇంకో ముగ్గురేరి అంటే, వడ్ల లారీలు అచ్చినయట, బస్తాలెత్తవోయిండ్రట. మాకేమో నూలు లేక సాంచెలు బంద్. గోడ మీద కూసొని ఆట చూద్దామని పోయినం. గా డేవిడ్ అచ్చి, అన్నా, మీల ఎవలన్న ఆడుతరా అన్నడు. నేను హాస్టల్‌ల పదో తరగతి దాక ఆడిన. నేను, ఇంకిద్దరం దిగినం."

"ఎంతతో ఓడారు?"

"తొమ్మిది. గోల్‌కీపర్ని నేనే." నవ్వాడు. "పదోది ఆపిన సార్, గది రాసుకోండ్రి."

కాగితం ఇంట్లో ఉంది, రెండు సందుల అవతల. తడవకుండా పాలిథీన్ కవరులో, బియ్యం డబ్బా మీద. పదకొండు పేర్లు ఉన్నాయి. ఎనిమిదింటికి ఎదురుగా కాలేజీ రోల్ నంబర్లు, చివరి మూడింటికి ఖాళీ.  కాలేజీలో చదవని వాళ్లను ఆడిస్తే మ్యాచ్ చెల్లదని టోర్నీ వాళ్లు అనడానికి ఆ ఖాళీ చాలు.

నా ముఖం చూసి నరేశ్‌కు అర్థమైంది. "బయటోళ్లం ఆడినమని తీసేస్తరా సార్? గట్లయితే మా మూడు పేర్లు కొట్టేయుండ్రి. ఎనిమిది మందితోని ఆడిండ్రు అనుకుంటరు." కవరు నా చేతికిచ్చాడు, కానీ వెంటనే వదల్లేదు. "కొట్టేసినంక కాయితం మల్ల ఇస్తరు గద? కాలేజీ అని రాసి, నా పేరున్న కాయితం నా కాడ గిదొక్కటే ఉన్నది."

తిరిగి ఇస్తానని మాటిచ్చాను. కొట్టేస్తానని గానీ కొట్టేయనని గానీ చెప్పలేదు.

ఒంటిగంటకు జగిత్యాల బస్సు దొరికింది, వేములవాడ, కొడిమ్యాల, కొండగట్టు మీదుగా. టికెట్టు నూట ఇరవై లోపు. జేబులో పెన్ను ఉంది. మూడు గీతలు, అంతే. శ్రావణ్ సీజన్ బతుకుతుంది. నరేశ్ తానే కొట్టేయమన్నాడు కదా? ఆ వాదన నేను ఎన్నిసార్లు ఎదుటివాళ్ల నోట విని చీల్చి చెండాడానో లెక్కలేదు: పేదవాడు తానే ఒప్పుకున్నాడు కదా, ఇంకేం? కొడిమ్యాల దాటాక పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టాను. కొండగట్టు దగ్గర బస్సు ఆగిపోయింది. శనివారం, అంజన్న భక్తుల కార్లు, ఆటోలు రోడ్డు నిండా. ఇరవై ఐదు నిమిషాలు. ఎవరి మీద అరవాలో తెలియక ఎవరి మీదా అరవలేదు.

కాలేజీ గేటు దగ్గర ఆటో దిగేసరికి నాలుగుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ. శ్రావణ్ ఎదురొచ్చాడు. ఆఫీసు మెట్ల మీదే కాగితం తీసి జరిగినదంతా చెప్పాను. పెన్ను కూడా చేతిలో పెట్టాను. అది ధైర్యం కాదు, నా బరువు ఇరవై ఏళ్ల మనిషి మీద పెట్టడం. కానీ పోయేది అతని సీజనే.

పదకొండు పేర్లూ వేలు పెట్టి చదివాడు. "కొట్టకుంటే తీసేస్తరా సార్?"

"తీసేయొచ్చు. నాకు తెలియదు."

వేలు మళ్లీ ఆ చివరి మూడు పేర్ల మీదికి తెచ్చాడు. "ఆడినోళ్ల పేర్లు ఎట్ల కొట్టేస్తం సార్?" అన్నాడు. పెన్ను తిరిగిచ్చాడు.  

ఆఫీసులో క్లర్కు మేడం మూడు ఖాళీల దగ్గర ఆగారు. "గీ ముగ్గురెవలు?"

"సిరిసిల్ల సాంచెల కార్మికులు" అన్నాను. "మా జట్టులో ముగ్గురు వడ్ల బస్తాలు ఎత్తడానికి పోతే, వాళ్లు దిగి ఆడారు. మీ రికార్డులో మాత్రం ఆసక్తి లేదని ఉంది."

"నేను రాయలే సార్ అది. నా మీదికెందుకు అస్తుండ్రు?" అన్నారు. నిజమే, ఆమె చేరింది ఈ మధ్యే. క్షమించమన్నాను. ఆమె గడియారం చూసి, షీటునూ చరిత్రనూ స్కాన్ చేసి, ముగ్గురూ బయటివారని ఒక వాక్యం చేర్చి టోర్నీ వాళ్లకు పంపారు. మూడూ యాభై ఆరు.

మంగళవారం జవాబు వచ్చింది. మ్యాచ్ ఫలితం చెల్లదట. జట్టుకు కనీసం ఏడుగురు ఉంటే చాలు, కాలేజీ విద్యార్థులు అంతకు తగ్గలేదు కాబట్టి ఆ సీజన్ మా జట్టు ఆడినట్టేనట. శ్రావణ్ జట్టు పేరు ఎంట్రీల్లో ఉంది. తొమ్మిది గోల్స్ లెక్కలోంచి పోయాయని ఫోన్‌లో చెబితే నరేశ్, "మరి నేనాపింది?" అన్నాడు. కాగితం తెచ్చిస్తానని, అతనాపింది నా చరిత్రలో ఉందని చెప్పాను. ఉంది.

చరిత్ర అంటే గెలిచిన ఏడాదులూ కప్పులూ అనుకుంటాం. ఒక రోజంతా మూడు ఊళ్లు తిరిగాక నాకు తోచింది వేరు. ఈ జట్టును ఇన్ని సీజన్లు నిలబెట్టింది కాలేజీ కాదు. ఏ రోజుకారోజు పని మానుకుని, లేదా పని లేక, వచ్చి నిలబడ్డ పదకొండు మంది. ఎవరు రాలేకపోయారో, ఎందుకు రాలేకపోయారో రాయని చరిత్ర అబద్ధం. రేపు ఇంకో ఆఫీసులో ఇంకో చెయ్యి మళ్లీ "ఆసక్తి లేదు" అని రాస్తుందనే భయం నాకు తగ్గలేదు. వచ్చే సీజన్ వడ్లు ఎక్కడ పోస్తారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఒక సలహా. సిరిసిల్లలో సాంచెల కార్మికులను కలవాలంటే నాలాగా పట్టపగలు షెడ్డులోకి వెళ్లి మగ్గాలు ఆపించకండి. ముందు రోజే కబురు పెట్టి, పొద్దున షిఫ్టు మారే వేళకు వీధి చివర చాయ్ బండి దగ్గర నిలబడండి. వాళ్లే వస్తారు, వాళ్ల కూలీ పోదు, మీ మాట వాళ్లకు వినబడుతుంది.