మెదక్ టాకీసు గోడ అవతల

మెదక్‌లోని పాత టాకీసును పడగొడుతున్నారని మా అక్క కొడుకు ఫోనులో చెప్పాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇంటిల్లిపాదీ మెదక్ దగ్గరి మా ఊరు నిజాంపేట నుంచి వెళ్లి అందులో ఒక సినిమా చూశాం. విడిపోయిన అన్నదమ్ములు చివరికి ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినే సినిమా. నా చిన్నతనం గురించి ఎవరడిగినా ఆ రోజు సంగతే చెబుతాను. పూర్తిగా కూలకముందు చూడాలనిపించి, నిజాంపేటలోనే ఉంటున్న అక్క సత్తెమ్మను కూడా మెదక్ రమ్మన్నాను. ఆమె "వస్త తియ్యి" అంది.

శనివారం ఉదయం ఆరున్నరకు హైదరాబాదు బాలానగర్‌లో మెదక్ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ ఇచ్చింది. ఎనిమిదింటికి నర్సాపూర్‌లో పది నిమిషాలు ఆగితే ఇడ్లీ తిని చాయ్ తాగాను. అక్కడ సీతాఫలాల గంపతో ఎక్కినామె నా పక్కన కూర్చుని ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"గా టాకీసా? బందై మస్తు ఏండ్లాయె. గండ్ల ఏముందని చూస్తవమ్మా?" అంది.

"చిన్నప్పుడు అందరం కలిసి సినిమా చూసినం" అన్నాను. దారిలోని అడవి దాటేదాకా ఆమెకు ఆ సినిమా కథంతా చెప్పాను. దిగేముందు నా చేతిలో ఒక పండు పెట్టింది.

తొమ్మిదిన్నరకు మెదక్. అక్క అప్పటికే బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉంది. నాకంటే మూడేళ్లే పెద్దది, చూస్తే పదేళ్ల తేడా కనిపిస్తుంది. ఆటోలో టాకీసుకు వెళ్లాం. పైకప్పు సగం తీసేశారు. కూలీలు లోపల ఇనుము విప్పుతున్నారు. మేస్త్రీ "జర దూరంకెల్లే చూడుండ్రి" అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, ఆనాడు మేం కూర్చున్న నేల ఎక్కడుందా అని వెతుకుతున్నాను. అక్క నా వెంట రాలేదు. పక్కగోడ వెంబడి నడిచి, ఒకప్పటి సైకిల్ స్టాండు దగ్గర ఆగింది.

"ఏమైందక్కా?"

"ఈడ్నే కూసున్న, తమ్మున్ని ఒళ్లె పెట్టుకొని. సినిమా షురూ కాంగనే వాడు ఏడ్సిండు. నాయన నన్ను బయటికి తోలిండు. లోపల మీరు నవ్వుడు ఇనవడ్డది, పాటలు ఇనవడ్డయి. బొమ్మ మాత్రం నేను సూడలే, చెల్లె."

"ఇంటర్వెల్‌ల నేను ఎత్తుకున్న గదా" అన్నాను. అనగానే గుర్తొచ్చింది. ఇంటర్వెల్‌లో నాయన మురుకులు కొనిచ్చి, "ఇగ చెల్లె ఎత్తుకుంటది, నువ్వు లోపలికి పో" అని అక్కతో అన్నాడు. నేను మట్టిలో పడి దొర్లి ఏడ్చాను. బెల్లు కొట్టారు. అక్క లేవకుండా తమ్ముణ్ణి మళ్లీ ఒళ్లో సర్దుకుంది. ఇన్నేళ్లుగా నేను చెప్పిన కథలో ఈ ముక్క ఎప్పుడూ లేదు.

"మల్లా యాడాది బడి సంగతి గూడ గట్లనే అయ్యింది" అంది అక్క.

అమ్మ పొలానికి పోతే తమ్ముణ్ణి చూసుకోవడానికి మాలో ఒకరు బడి మానాలి. ఎవరని నాయన ఆలోచిస్తుండగానే నేను ఏడుపు అందుకున్నాను. అక్క చదువు ఆరో తరగతితో ఆగింది. నేను టీచరునై మొన్ననే రిటైరయ్యాను.

"తప్పయిందక్కా. ఆ సినిమా ఫోనులో ఉంది. ఇప్పుడు కూసోని చూద్దాం."

"ఇప్పుడు చూసి ఏం జేసుకోవాలె? అందరం చూసినమని నా మనుమరాలికి గూడ చెప్పినవు. గా పోరి వచ్చి, నీకు ఏ పాట ఇష్టం నాయినమ్మా అని అడిగింది. ఏం చెప్పాలె నేను? ఇగ గట్ల చెప్పకు. మా అక్క చూడలేదని చెప్పు."

బస్టాండు పక్క హోటల్లో భోజనానికి కూర్చున్నాం. అక్క మజ్జిగన్నం మాత్రం తిని లేచింది. రెండింటికి ఆమె బస్సొచ్చింది. "పోయొస్త" అని ఎక్కి, నాకు కనబడని వైపు కూర్చుంది.

నేను రెండూ నలభైకి తూప్రాన్ మీదుగా వచ్చే బస్సెక్కాను. దారిలో ఫోనులో ఆ సినిమా పెట్టి, మొదటి పాట రాగానే ఆపేశాను. మెదక్ ప్రయాణం సులువే, పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. చిన్ననాటి చోటికి తోబుట్టువును వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం, ఆ రోజు ఆ తోబుట్టువు ఎక్కడుందో ముందుగా అడగండి. నేను అడగకుండా యాభై రెండేళ్లు గడిపాను.