గేటు ఊచల్లోంచి సీమంతం

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూస్తే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన. అసోసియేషన్ వార్షికోత్సవంలో వేయడానికి 'కోవిడ్ నాటి మధుర స్మృతులు' అని వీడియో తయారుచేస్తున్నారట. ఒక్కో కుటుంబమూ తమ మధుర స్మృతిని రెండు నిమిషాలకు మించకుండా చెప్పి పంపాలట. నా నోట్లోని కాఫీ ముక్కులోంచి బయటికొచ్చి ఎదురుగోడ మీద కర్ణాటక పటంలా పరుచుకుంది, జిల్లాలతో సహా. మా ఇంటావిడ గుడ్డ తెచ్చి తుడుస్తూ "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది. ప్రకటన కింద అప్పటికే చప్పట్ల బొమ్మలు చీమలబారులా సాగిపోతున్నాయి. ఒకాయన ఆ రోజుల్లో గిటారు నేర్చుకున్నాడట. ఒకావిడ ఇంట్లోనే బ్రెడ్డు కాల్చిందట. ఇంకెవరో పిచ్చుకల కూత జీవితంలో మొదటిసారి విన్నారట. పిచ్చుకలు వినపడిన చెవులకి గేటు బయట నిలబడ్డ మనుషులు ఎందుకు వినపడలేదో నాకు తెలీదు. నా దగ్గరా ఒక స్మృతి ఉంది. అది మధురం కాదు, రెండు నిమిషాల్లో పట్టదు. అందుకని వీడియోకి పంపకుండా ఇక్కడ రాస్తున్నాను.

మాది బళేపేట. తాతల నాటి గాజుల అంగడి. మా వంశంలో నేనొక్కణ్ణే ఆ గలగల భరించలేక ఆఫీసు ఉద్యోగం వెతుక్కుని, ఊరికి ఇంకో చివర హూడిలో ఈ ఫ్లాటు కొని, లిఫ్టులో పైకీ కిందికీ తిరగడమే ప్రయాణమనుకునే జీవితానికి అలవాటుపడ్డాను. అంగడి మా మేనత్తా మామలు చూసుకుంటున్నారు. నా చిన్నతనంలోనే అమ్మ పోతే నన్ను పెంచిందీ, తిట్టిందీ, గాజుల పెట్టెల మధ్య చాప వేసి పడుకోబెట్టిందీ ఆ అత్తే. అత్త చెయ్యి పట్టుకుందంటే రోకలిబండలాంటి చెయ్యి కూడా తమలపాకులా ముడుచుకుపోవాల్సిందే. బొటనవేలి మొదట్లో ఎక్కడో నొక్కుతుంది, అమ్మా అని అరవడానికి నోరు తెరిచేలోగా గాజు మణికట్టు మీద ఉంటుంది. మా ఇంట్లో ఎవరి సీమంతమైనా గాజులు తొడిగి ఒడి నింపేది ఆవిడే. పురోహితుడు రాకపోయినా ఏదోలా జరిగిపోతుంది గానీ అత్త రాకపోతే జరగదు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. అంగడివాళ్ళం కాబట్టి, సీమంతం చూడొచ్చిన ముత్తయిదువలందరికీ మేమే గాజులు తొడిగి పంపాలి. చుట్టాలు, ఇరుగుపొరుగు, దారి తప్పి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే.

కోవిడ్ వచ్చిన మొదటి ఏడాది నా ఒక్కగానొక్క కూతురు మా ఇంట్లోనే ఉంది, కడుపుతో. ఏడో నెల రాగానే అత్త రోజూ ఫోను. అమ్మ లేని నన్ను పెంచిన చెయ్యి కదా, నా బిడ్డ ఒడి ఆ చేత్తోనే నింపాలని పట్టుపట్టింది. అది అమ్మ తరఫున చెయ్యాల్సిన పని అని ఆవిడ లెక్క. నాకూ అదే లెక్క. అప్పటికి లాక్‌డౌన్ సడలించారు, ఆటోలు తిరుగుతున్నాయి, బళేపేటలో అంగళ్ళు సగం సగం తెరిచారు. "నేను వస్తాండానప్పా. నన్నెవురు ఆపేది?" అంది. ఆపేవాడెవడో ఆవిడకి తెలీదు. సర్కారు తాళం తీసినా మా అసోసియేషన్ తాళం తీయలేదు.

ఆ తాళంచెవి మా సెక్రటరీ దగ్గర ఉండేది. సాఫ్ట్‌వేర్ మేనేజరు. మనవాడే, తెలుగువాడే. ఒక మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం, చేతులకి మోచేతుల దాకా తొడుగులు. చంద్రుడి మీద దిగబోతూ దారిలో మా మెట్ల మీద ఆగినట్టుండేవాడు. ఆయన హయాంలో మా గేటు దగ్గర సొరకాయకి కూడా జ్వరం చూసేవారు. పాలప్యాకెట్లు మాకంటే ఎక్కువసార్లు స్నానం చేశాయి. బయటినుంచి వచ్చిన ప్రతి వస్తువునీ ఒక బల్ల మీద పెట్టించి, గార్డు వీపుకి కట్టుకున్న పురుగులమందు పంపుతో బ్లీచింగ్ నీళ్ళు కొట్టించేవాడు. పనిమనుషులు రాకూడదు, డ్రైవర్లు రాకూడదు, చుట్టాలు రాకూడదు. ఈ అపార్ట్‌మెంటు కడగడానికీ తుడవడానికీ ఏళ్ళ తరబడి వచ్చిన ఆడవాళ్ళు ఫుట్‌పాత్ మీద నిలబడి తలెత్తి బాల్కనీల వంక చూసేవాళ్ళు. బాల్కనీల్లోంచి మావాళ్ళు వాళ్ళ సేవల్ని మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టేవాళ్ళు. చప్పట్లకి మాత్రం గేటు పాసు అక్కర్లేదు.

అత్త ఆటో దిగింది. ఒక చేతిలో ఒడిబియ్యం పళ్ళెం, ఇంకో చేతిలో తనకంటే పెద్ద మూట. మా ఫ్లాట్ల ఆడవాళ్ళంతా సీమంతానికి వస్తారనుకుని అందరికీ గాజులు కట్టుకొచ్చింది. గార్డు కన్నడంలో ఏం పని మీద వచ్చావని అడిగాడు. ఊరంతా సీమంతాలకి తిరిగిన మనిషి, ఏ గుమ్మంలోనైనా చెప్పే మాటే చెప్పింది: "బళె తొడిసక్కె బందిద్దీని." గాజులు తొడగను వచ్చాను అని. వాడు మూట చూశాడు, మనిషిని చూశాడు, ఫోనులో 'వెండర్' అని నొక్కాడు. అయిపోయింది. నన్ను పెంచిన తల్లి గాజులమ్ముకునే బయటి మనిషైపోయింది.

నేను పరుగెత్తుకుంటూ కిందికి వచ్చేసరికి చంద్రయాత్రికుడు కూడా దిగాడు. "సార్, వెండర్స్‌ని అలౌ చేయట్లేదు కదా. మీరే డోర్ టు డోర్ సేల్స్ పెట్టిస్తే ఎలా?"

"ఆవిడ మా అత్త సార్. అమ్మడానికి కాదు, ఊరికే ఇవ్వడానికి."

"అత్తయితే ఇంకా ప్రాబ్లం. సిక్స్‌టీ ప్లస్. ఆవిడ సేఫ్టీ కోసమే చెప్తున్నా."

"నా సేఫ్టీ సంగతి నాకిడిసిపెట్టప్పా" అంది అత్త అవతలినుంచి. "ముందు నీ మొగానికుండే ఆ కిటికీ తీసి మాట్లాడు. నీ మాట నీ లోపలే తిరుగుతుండాది."

"పోస్ట్‌పోన్ చేసుకోండమ్మా. ఫంక్షనే కదా."

"ఆ మాట కడుపుకి చెప్పు నాయనా. ఇంటుందేమో."

పిల్లని బయటికి తీసుకెళ్తానన్నాను. గేటు దాటితే టెస్టు రిపోర్టు లేకుండా మళ్ళీ లోపలికి రానివ్వం అన్నాడు. ఏడు నెలల గర్భిణిని! నేను ఏం తిట్టానో ఇక్కడ రాయను, కాగితం కాలిపోతుంది. సరిగ్గా అప్పుడే ఒక వ్యాను వచ్చింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. సెక్రటరీగారి కుక్కకి జుట్టు కత్తిరించేవాడట. అది అత్యవసర సేవ. కుక్కకి క్షవరం కాకపోతే దేశం ఏమైపోయేదో!

గేటు మళ్ళీ మూసుకుంది. ఈ గొడవంతా బాల్కనీలోంచి చూసిన నా కూతురు ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని మెల్లగా నడిచొచ్చింది. ఊచల సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, "తొడుగవ్వా" అంది.

అత్త రోడ్డు మీద చతికిలబడి మూట విప్పింది. ఉబ్బిన చెయ్యి, అడ్డం ఇనుప ఊచ, నెత్తిన ఎండ. సెక్రటరీ "మేడం, టచ్! టచ్!" అని గంతులేస్తున్నాడు. "ముట్టుకోకుండా గాజులు తొడిగే ఇద్య మీ నాయన నేర్పినాడా నీకు?" అని అత్త తలెత్తకుండానే అడిగింది. ఒక్కో పచ్చగాజూ ఊచకి తగిలి టింగుమనేది, నా గుండె ఆగేది, గాజు పగలకుండా ఎక్కేది. ఒక చెయ్యి నిండింది. రెండో చెయ్యి నిండింది. పైన బాల్కనీల్లో ఆడవాళ్ళు, ఎవరి పేరు చెప్పి ఆ మూట కట్టుకొచ్చిందో ఆ ఆడవాళ్ళే, ఫోనుల్లో వీడియో తీస్తున్నారు.

గాజులు సందులోంచి వెళ్తాయి. ఒడిబియ్యం వెళ్ళవు. రెండు దోసిళ్ళ నిండా బియ్యం, కొబ్బరికాయ, పసుపు, తమలపాకులు కొంగు పట్టిన ఒడిలో పొయ్యాలి. అత్త లేచి నిలబడింది, ఇవతల కూతురు కొంగు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ గొంతు తగ్గడం విన్నాను. "నేను లోపలికి రానప్పా. ఆ చిన్న వాకిలి రవ్వంత తియ్యి. ఈడనే నిలబడి ఒడిలో పోసి ఎల్లిపోతా."

ఆయన కాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు. తరవాత, "ఆ ప్లేట్ టేబుల్ మీద పెట్టమనండి సార్, మేం పంపిస్తాం" అన్నాడు. గార్డు గేటు మీదుగా పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టాడు. పెట్టగానే, ఎవరూ చెప్పకుండానే, అన్నిటికీ కొట్టినట్టే దానికీ పంపు కొట్టాడు. నేను అరిచేలోగా అయిపోయింది. పసుపు బియ్యం మచ్చలు మచ్చలుగా రంగు విరిగింది. కుంకుమ నీళ్ళై కారింది. ఆసుపత్రి వరండా వాసన.

ఇప్పుడీ గేటు ఊడి పడేలా తిడుతుందని చూశాను. తిట్టలేదు. చెయ్యి చాపి పళ్ళెం వెనక్కి అడిగింది. తడి బియ్యం కొంగులో పోసుకుని మూట కట్టింది. "ఇవి నా బిడ్డ ఒళ్ళో పొయ్యనప్పా" అంది, నాతోనే. కూతురు అప్పటికీ కొంగు పట్టుకునే నిలబడి ఉంది. అత్త మిగిలిన గాజుల మూట ఆటోలో పెట్టి, తనూ ఎక్కి ఆ కొంగుని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఆటో మలుపు తిరిగేదాకా మావైపు చూడలేదు.

ఆ తరవాత గేట్లు తెరిచారు. మాస్కులు పోయాయి, పంపు పోయింది. సెక్రటరీ అద్దం తీసేశాక చూస్తే మామూలు మనిషే, ఆరోజు రూల్స్ అలా ఉన్నాయండీ అంటాడు, పండక్కి స్వీట్లు కూడా పంపాడు. నా మనవరాలికి నడక వచ్చాక బళేపేట తీసుకెళ్ళాం. అత్త కొత్త బియ్యం, కొత్త పసుపు తెచ్చి, అంగడి వెనక గదిలో పీట వేసి, ఇప్పుడైనా నింపుతా రమ్మంది. కూతురు కొంగు పట్టి కూర్చుంది. ఆ ఒడిలో మనవరాలు ముందే ఎక్కి కూర్చునుంది. అత్త పోసిన బియ్యం అది గుప్పిళ్ళతో తీసి అవతలికి విసురుతుంటే అందరూ నవ్వారు. "పోనీలేప్పా, ఆలస్యమైనా ఒడి నిండింది గదా, ఇంగా ఏం కోపం నీకు?" అని అత్త నా వీపు మీద చరిచింది. ఆవిడ చేతులు ఇప్పుడు కొద్దిగా వణుకుతున్నాయి. ఆవిడ క్షమించేసింది. క్షమించే హక్కు ఆవిడది, నాది కాదు. ఏడో నెల ఎనిమిదైంది, తొమ్మిదైంది, బిడ్డై బడికి కూడా పోతోంది. నా కోపం ఒక్కటే కొంగు పట్టుకుని ఇంకా ఆ ఏడో నెలలోనే నిలబడి ఉంది.