అవతలివాడి సంతకం

చౌటుప్పల్‌లో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి కొత్త లేబుళ్ల కట్టలు వచ్చిన రోజు గదంతా పచ్చి సిరా వాసన. ఆ వాసనకు నాకు అనంతయ్య సార్ గుర్తొస్తారు.

ఆయన బడిపంతులు ఉద్యోగం వదిలి, మహబూబ్‌నగర్‌లో రెండు గదుల్లో ఒక రాజకీయ మాసపత్రిక నడిపారు. రాష్ట్రం వచ్చిన కొత్తలో అందరూ ఏం కట్టాలో రాస్తుంటే, ఆయన ఏం కూలగొట్టకూడదో రాశారు. కుటుంబం, కులవృత్తి, ఊరి కట్టుబాటు, ఈ మూడింటి జోలికి సర్కారు తొందరపడి రాకూడదన్నది ఆయన పక్షం. ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆయన మాత్రం ఏ సంచికలోనూ గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు.

అక్కడే పాలిటెక్నిక్ చదువుతూ ఆయనకు నా మొదటి వ్యాసం ఇచ్చాను. చేనేత మగ్గాలు ఆపేసి నేతగాళ్లకు వేరే పని చూపాలని నా వాదన. ఆయన ఏళ్లుగా రాసినదానికి పూర్తిగా ఎదురు. అయినా అది అచ్చులో చూసుకోవాలని నాకు ఎంత ఆశో! ఆయన చదివి, కళ్లద్దాలు తీశారు.

“మీ బాపు ఏంజేస్తడు?”

“మగ్గం నేస్తడు సార్.”

“అయితే మగ్గం ఎందుకు ఇడువడో ఒక పేజీ రాయి. ‘నేనన్నది గిదే’ అని ఆయనతోని సంతకం పెట్టించుక రా. అప్పుడు నీది అచ్చేస్త. నా పత్రికల ఎవరిని కాదన్నా గంతే, వాళ్ల సంతకం ఉండాలె.”

ఇంటికెళ్లి ఏడు కారణాలు వరుసగా రాశాను. తాతల వృత్తి, కళ మీద ప్రేమ, అలవాటు, ఇలా. బాపు మగ్గం గుంటలోంచి కాళ్లు తీయకుండానే చదివి నవ్వాడు.

“ప్రేమనా? ఎవడు జెప్పిండురా నీకు? నడుము నొస్తే లేస్త, బుద్ధి పుడితే కూసుంట. నన్ను లే అనేటోడు లేడు, కూసో అనేటోడు లేడు. గది రాయి.”

నా ఏడింటిలో అది లేదు. పుట్టినప్పటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కనాడూ అడగలేదు. ఏడూ కొట్టేసి అదొక్కటే రాశాను. బాపు సంతకం పెడుతూ, “నీ వ్యాసం మాత్రం తప్పేరా” అన్నాడు.

సార్ రెండింటినీ మొదటి పేజీలో పక్కపక్కనే వేశారు. ఒక పాత చందాదారు ఆఫీసుకే వచ్చి నిలదీశాడు.

“ఏంది పంతులూ, మగ్గాలు బందు వెట్టుమన్న పోరనిది మొదటి పేజీలనా?”

“పోరడు తప్పే రాసిండు. కానీ ఎవరిని కాదంటున్నడో వాళ్లను అడిగొచ్చిండు. నువ్వెప్పుడన్న అడిగినవా?” అన్నారు సార్.

సార్ పోయాక పత్రిక ఆగిపోయింది. మగ్గాల విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. మందు తయారీలో ఎక్కడైనా తేడా వస్తే కారణం రాయడం ఫ్యాక్టరీలో నా పని. రాసింది ముందు తేడా వచ్చిన మిషన్ నడిపిన మనిషికే చదవమని ఇస్తాను. నిన్న ఒకాయన చదివి, “గిట్ల గాదు సార్” అన్నాడు.

పక్క కుర్చీ చూపించి, కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీసి, “చెప్పన్నా” అన్నాను.