బాతుల దడిలో అద్దం

పక్కింటి అవ్వ పోయింది. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున ఆ కబురు నాకు చెప్పింది ఆమె పెంచిన బాతు. అది అరవడం కొత్త కాదు. వీధిలో ఎవరు దగ్గినా అరుస్తుంది. ఆ రోజు మాత్రం ఆపలేదు. విసుక్కుంటూ గోడ మీదుగా తొంగి చూస్తే తొట్టిలో నీళ్లు లేవు, దొడ్డి తలుపు తెరవలేదు. అవ్వ నిద్రలోనే వెళ్లిపోయింది.

బాతు అంటే చెరువులో ఈదే చిన్న బాతు కాదు. దండులో, అంటే కంటోన్మెంటులో, దొరల బంగళాల ముందు తిరిగే తెల్లటి పొడుగు మెడ జాతి. కన్నడంవాళ్లు హెబ్బాతు అంటారు. అవ్వ పెనిమిటి అక్కడ ఒక బంగళాలో కుట్టుపని చేసేవాడు. యుద్ధం మొదలయ్యాక ఆ దొర బదిలీ మీద పోతూ ఒక జతను ఆయన చేతిలో పెట్టాడు. "దొర పోతా పోతా మనింటికి పోలీసుల్ని పెట్టినాడు" అని అవ్వ నవ్వేది. వెదురు బద్దలతో దొడ్లో నడుమెత్తు దడి అల్లింది ఆయనే. ఏడాది తిరక్కుండా ఆయన పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు.

మా వీధుల సంగతి మీకు తెలియంది కాదు. పొద్దున మిల్లుకో అంగడికో బయల్దేరే మగవాళ్లకు విధవ ఎదురు రాకూడదు. అవ్వతో ఎవరూ ఆ మాట అనలేదు, అనవలసిన పనీ లేదు. వీధి ఖాళీ అయ్యేదాకా ఆమె దొడ్లోనే దడి పక్కన కూర్చునేది. రేషను బియ్యం తనకు, రాగులు బాతులకు అనేది గాని, చాలాసార్లు అది తారుమారయ్యేది.

నా భార్య పోయినప్పటి నుంచి నాకు శకునాల మీద నమ్మకం పోయింది. మంచి శకునం చూసుకునే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాను మరి. "నాకు ఎదురు రా అవ్వా, ఏమీ కాదు" అన్నానొకసారి.

"నీకు పట్టింపు లేదప్పా, నాకుండాది" అంది. "దావలో నీకేమన్నా అయితే నేనెట్ల బతికేది?"

ఆ దడి మరీ పొట్టిదని నా గొణుగుడు. బాతులు దూకి నా కొత్తిమీర మడి తొక్కేస్తాయని భయం. అవ్వ తేలిగ్గా తీసిపారేసేది. "దూకే బుద్ధుంటే ఎప్పుడో పోయుండవా? జత ఉండాది. ఇంగెక్కడికి పోతాయప్పా?"

కిందటేడు వానల్లో మగది జబ్బుచేసి చచ్చిపోయింది. మర్నాడు పొద్దున ఆడది దడి దాటి, అరుచుకుంటూ వీధిన పడింది. సరిగ్గా అందరూ పనికి బయల్దేరే వేళ. అవ్వ తలవాకిలి దాకా వచ్చి గడప లోపలే నిలబడిపోయింది. దాటితే వీధి మొత్తానికి ఎదురొచ్చినట్టే.

"అప్పా, అది పోతాంది. రవంత పట్టప్పా" అంది. ఆఫీసు చొక్కాతోనే పరుగెత్తి, ముంజేతి మీద రెండు కాట్లు తిని, దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చాను.

దడి ఎత్తు పెంచుదామన్నాను. అవ్వ వినలేదు. లోపలికెళ్లి పెట్టె అడుగు నుంచి ఒక అద్దం తీసుకొచ్చింది. బొట్టు పెట్టుకునే అద్దం; ఆయన పోయాక దాంతో ఆమెకు పని లేకపోయింది. దడి లోపలివైపు, బాతు తల ఎత్తున, కొబ్బరితాడుతో కట్టింది. బాతు దాని ముందు నిలబడి, మెడ వంచి చూసి, సన్నగా ఏదో చెప్పుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ దడి దాటలేదు.

"ఎత్తుగా కడితే నిలుస్తాదా? ఒంటిగా ఉండేదానికి ఎదురుగా ఒక ముఖముండల్లప్పా" అంది అవ్వ. ఆమె చెప్పింది బాతు గురించే. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

కర్మకు హొసకోటె నుంచి వచ్చిన ఆమె చెల్లెలి కొడుకు మంచివాడే. ఇల్లు సర్దుతూ, "దీన్ని దండులో హోటలోళ్లకు ఇచ్చేస్తామన్నా. సుమ్మనే పెట్టుకోని ఏం చేసేది?" అన్నాడు. నా దొడ్లో ఉండనీ అన్నాను. ఇన్నేళ్లూ దాని అరుపుల్ని తిట్టుకున్నవాణ్ణి, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇద్దరం దడి విప్పి గోడకు ఇవతల కట్టాం. అద్దం కూడా తెచ్చి, అవ్వ కట్టినట్టే కట్టాను.

బాతు ఇప్పుడు అద్దం వైపు చూడటం లేదు. అవ్వ దొడ్డి వైపు మెడ చాచి నిలబడుతోంది.

పొద్దున్నే తొట్టి నింపి, తలుపు దగ్గరికి లాగి వీధిలోకి దిగుతాను. పక్కింటికి తాళం వేసి ఉంటుంది. ఒక్క పొద్దునైనా ఆమె నాకు ఎదురొచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదంటారు. దొడ్లోంచి బాతు పిలుస్తుంది. అది పిలిచేది నన్ను కాదు. అయినా ఆగి, వెనక్కి తిరిగి చూస్తాను.