కొత్త తీగలు నిజం చెబుతాయన్నాను

ఒక అమ్మాయి వేలు నా మూలంగా కొయ్యబారిపోయింది. ఈ సంగతి ఇన్నేళ్లుగా నా గుండె మీద బండలా ఉంది. తింటున్నా ఉంటుంది, నవ్వుతున్నా ఉంటుంది, ఆదివారం గుడిలో గిటారు పట్టుకుని కళ్లు మూసుకుంటే మరీ బరువెక్కుతుంది. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ గతి ఎందుకు? మాది రామన్నపేట దగ్గర ఒక పల్లె. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా గుడిలో, అంటే చర్చిలో, గిటారు వాయించేది నేనే. మీరు నన్ను ఎంతైనా తిట్టుకోండి, కానీ చివరిదాకా వినండి.

ముందు నా చేతకానితనం చెప్పాలి. అంతా అక్కడి నుంచే వచ్చింది. గిటారులో బార్ కార్డు అని ఒక పట్టు ఉంటుంది. చూపుడు వేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కి పట్టాలి. ఒక్క తీగ సరిగా అణగకపోయినా గర్రుమంటుంది, లేదంటే టక్కుమని మూగబోతుంది. నాకు రాలేదు. వేళ్ల చివర్లు కాయలు కాచాయి, మణికట్టు వాచింది, బామ్ రాసుకుని మళ్లీ కూర్చున్నాను, అయినా రాలేదు. ఇప్పుడు సిగ్గు విడిచి రాస్తున్నాను కానీ, అప్పట్లో ఎవరైనా ఈ మాట అని ఉంటే కొట్టేవాణ్ణేమో.

మా గుడిలో పాట ఎత్తుకునేది దేవమ్మ పెద్దమ్మ. ఆమెకు శ్రుతీ గితీ ఏమీ లేదు. ఆ పొద్దున గొంతు ఎక్కడ పలికితే అక్కడే ఎత్తుకుంటుంది. గిటారు పట్టినవాడే వెతుక్కుంటూ ఆమె వెంట పోవాలి. బార్ కార్డు వచ్చినవాడైతే చెయ్యి అటో ఇటో జరిపి అందుకుంటాడు. నేను గిటారు మెడకు తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు బిగించి, విప్పి, జరిపి, మళ్లీ బిగించేలోపు పల్లవి అయిపోయేది. ఎంతకీ దొరకని పాటలకు తీగల మీద అరచెయ్యి ఆనించి తాళంలా చప్పుడు చేసి నెట్టుకొచ్చేవాణ్ణి. ఊళ్లో వాయించేవాళ్లు వేరే లేరు కనుక అదే గొప్ప. “సారు ఏం కొడ్తడే!” అనేవాళ్లు. అంటుంటే అంటుంటే నేనూ నమ్మేశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో కరుణ గిటారు మొదలుపెట్టింది. మా వాడకట్టు పిల్లే, నాకు చెల్లెలి వరస. పగలంతా పత్తి ఏరడానికి పోయేది. హైదరాబాదులో సెంట్రింగు పని చేసే వాళ్లన్న ఎవరో వాడి పడేసిన గిటారు తెచ్చిస్తే, ఫోనులో చూసి సొంతంగా నేర్చుకుంది. ఆమె ఎడమ చూపుడు వేలి కొస కొంచెం వంకర. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగింది. మా ఆడవాళ్లలో చాలామందికి ఆ వేలికే గాటు ఉంటుంది, ఎడమ చేత్తో పిడికిలి పట్టి కుడి చేత్తో కోస్తారు కదా. ఆ వంకర వేలితోనే ఆమె ఆరు తీగలూ పట్టింది. ఒక ఆదివారం పెద్దమ్మ ఎత్తుకున్న పాటను మొదటి వరుస పూర్తికాకముందే అందుకుంది. ఒక్క తీగ గర్రుమనలేదు. పెద్దమ్మ పాట ఆపి మరీ “గిట్ల మోగాలె బిడ్డా!” అంది. ఆ ఏడు కోత పండుగకు మైకు ముందు కరుణే వాయిస్తుందని పాస్టరయ్యగారు అక్కడికక్కడే చెప్పేశారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. మైకు ముందు ఆ కుర్చీ అప్పటిదాకా నాది.

పండుగ దగ్గర పడ్డాక కొత్త తీగలు వేయమని ఆమె గిటారు నా దగ్గరికే తెచ్చింది. ఊళ్లో తీగలు మార్చడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పాతవి విప్పాను. కింది వైపు తీగలు ఆనుకునే చోట ఒక తెల్లటి పట్టీ ఉంటుంది. లాగితే ఊడి వస్తుంది. దాని అడుగు అరిగితే తీగలు దిగిపోయి, వేలు పెట్టిన చోటల్లా మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు తగిలి గర్రుమంటాయి. ఇది నాకు బాగా తెలుసు. ఆ పట్టీని పెరట్లో బండ మీద గీకాను. కొంచెం గీకి, పెట్టి, మీటి చూసి, మళ్లీ తీసి గీకాను. ఊరికే మీటితే తీగ బాగానే మోగాలి. వేలు పెడితేనే చెడాలి. తప్పు వేలిదే అనిపించాలి. చూశారా ఎంత శ్రద్ధగా చేశానో? ఆ శ్రద్ధ సాధన మీద పెట్టి ఉంటే నాకూ వచ్చేదేమో.

మర్నాడు సాయంత్రం ఆమె గిటారు పట్టుకుని వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

“అన్నా, తీగలు గర్రుమంటున్నయి. మొన్నటిదాంక మంచిగనే మోగింది గదా?”

“పాత తీగలు చచ్చినయి చెల్లె. నీ తప్పు దాచినయి. కొత్త తీగలు నిజం చెప్తయి.”

“తప్పు నాదా అన్నా?”

“ఏదీ, వేలు చూపియ్యి. గీ వంకర చూడు. గిది ఆరు తీగల మీద సాఫుగ పడ్తదా? నీకు బాధైతదని ఇన్నొద్దులు చెప్పలే.”

“మరి అందరు మంచిగున్నదన్నరు?”

“ఆళ్లకేం ఎరుక? నేను గాబట్టి చెప్తున్న.”

ఆమె చాలాసేపు తన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నా కళ్ల ముందే అది ఆమెకు పనికిరానిదైపోయింది. “సరే అన్నా” అని వెళ్లిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే అసూయ అనుకుని నన్ను నేను సముదాయించుకునేవాణ్ణి. ఆమె వాయించనంటుందని, నా కుర్చీ నాకు మిగులుతుందని అనుకున్నాను. కరుణ ఊరుకునే రకం కాదని నాకు తెలియదా? వేలు సరిచేయించుకుంటానని పట్టుబట్టి, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఒక ముసలాయన దగ్గరికి వాళ్లమ్మను వెంటబెట్టుకుని పోయింది. ఆయన వేలిని గుంజి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. కోత పండుగ నాడు ఆ కట్టుతోనే గుడిలో వెనక వరుసలో కూర్చుంది. కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు వేలం పాడుతుంటే అందరూ నవ్వుతున్నారు. నేను మైకు ముందు క్లిప్పు బిగించుకుంటూ వాయించాను. తర్వాత కట్టు విప్పితే వేలు నిటారుగా వచ్చింది, కానీ మళ్లీ వంగలేదు. దవాఖానకు పోతే చాలా ఆలస్యమైందన్నారట. నేను ఆడిన అబద్ధం అట్లా నిజమై కూర్చుంది.

కట్టు చూసిన రోజైనా చెప్పొచ్చు కదా? “విప్పెయ్ తల్లీ, నీ వేలికేం కాలేదు” అని ఒక్క మాట అంటే చాలు కదా? ఆ పట్టీ కింద చిన్న అట్టముక్క పెడితే గిటారు మళ్లీ మునుపటిలా మోగేది, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి కూడా క్లిప్పు బిగించుకున్నాను. దేనికోసం? ఒక కుర్చీ కోసం. ప్లాస్టిక్ కుర్చీ! ఛీ, నా బతుకు! ఇంకో మాట చెబితే మీరు నమ్మరు. తర్వాత ఒక ఆదివారం దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, దేవుడు నాకు వాయిద్యం వరంగా ఇచ్చాడని చెప్పాను. నా నాలుక పడిపోలేదు. కరుణ కూడా అందరితో కలిసి ఆమెన్ అంది.

ఆమెకు తిరుమలగిరి దగ్గర పెళ్లయింది. ఈ మధ్య పుట్టింటికి వచ్చి, గుడిలో ఆరాధన అయ్యాక కూతురిని నా దగ్గరికి తీసుకొచ్చింది.

“అన్నా, గీ పిల్లకు గిటారు పిచ్చి పట్టింది. నాకు నిజం చెప్పినోనివి నువ్వొక్కనివే. దీని వేళ్లు జర చూడు. పనికిరాకుంటే ఇప్పుడే చెప్పు, నా లెక్క ఆశపడొద్దు.”

పిల్ల రెండు చేతులూ నా ముందు చాపింది. ఇన్నేళ్లూ ఈమె నన్ను తలచుకుని మంచివాణ్ణని అనుకుందా? శపించి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నేను మనిషినేనా? లేక ఇప్పుడు చెప్పడం కూడా నా బరువు దించుకోవడానికేనా? తేల్చుకోలేకపోయాను. తేల్చుకోకుండానే చెప్పేశాను. పట్టీ సంగతి, బండ మీద గీకిన సంగతి, ఆమె వేలిలో ఏ దోషమూ లేదన్న సంగతి.

“మళ్ల చెప్పు” అంది కరుణ.

మళ్లీ చెప్పాను.

“ఎరుకుండే చేసినవా?”

“ఎరుకుండే చేసిన.”

ఆమె వంగని తన వేలిని కుడి చేత్తో పట్టుకుంది. పిల్లకు మా మాటలు అర్థం కాలేదు, ఇంకా చేతులు చాపుకునే ఉంది. “మామా, నా వేళ్లు మంచిగున్నయా?” అని అడిగింది.

“శాన మంచిగున్నయి బిడ్డా” అన్నాను. నిజంగానే బాగున్నాయి. కరుణ నా ముఖంలోకి చూసింది. ఈ మాటైనా నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. పిల్ల రెక్క పట్టుకుని వెళ్లిపోయింది.

కరుణ మళ్లీ మా గుడికి రాలేదు. ఎవరికీ చెప్పినట్టు కూడా లేదు, జనం ఇంకా నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు. అందుకే మీకు రాస్తున్నాను. క్షమించమని ఆమెను అడగలేదు, అడిగే ముఖం లేదు. తెలిసే చేశానని ఆమె ఎదుట అన్నప్పుడు మాత్రం, చాలా ఏళ్ల తర్వాత, నాకు నిండుగా ఊపిరి ఆడింది.