మళ్ళీ చెప్పప్పా

తొంభైల చివరి మాట. అంచెట్టి దారిలో తిరిగే ప్రైవేటు బస్సులో ఎనిమిదేళ్ళు కండక్టరుగా నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగానికి అర్జీ పెట్టాను. ఇంటర్వ్యూ అంటేనే నాకు వణుకు. మా ఊరు బేరిగైవాడే, అదే యజమాని దగ్గర ఇంకో బస్సు నడిపే మునిరాజు, "నేనుండా కదప్పా, నేర్పిస్తా" అన్నాడు.

రోజూ సాయంత్రం మా వసారాలో వాడు ఆఫీసరులా కుర్చీలో కూర్చుని, "నీ పనిలో వచ్చిన కష్టమేందో చెప్పు" అనేవాడు. కొండదారిలో బస్సు ఆగిపోతే, నొప్పులు పడుతున్న గర్భిణిని పాల వ్యాన్ ఎక్కించి ఆసుపత్రికి చేర్చిన సంగతి చెప్పేవాణ్ణి. "తడబడినావు. మళ్ళీ చెప్పప్పా" అనేవాడు. పది రోజులకు నాకు ధైర్యం చిక్కింది.

ఇంటర్వ్యూ రోజు నాకంటే ముందు ఆఫీసరు గదిలోంచి మునిరాజే బయటికొచ్చాడు. "ఊరికే నేనూ ఒక అర్జీ ఏసినా" అంటూ నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

లోపల అదే ప్రశ్న అడిగారు. గడగడా చెప్పేశాను. ఆఫీసరు నవ్వాడు.

"పాల వ్యాన్ సంగతి ఇందాకే ఒకాయన చెప్పాడయ్యా. నువ్వు అప్పజెబుతున్నావు. ఆయన కళ్ళకు కట్టినట్టు చెప్పాడు."

"అది నేను చేసిన పని సార్" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఉద్యోగం వాడికే వచ్చింది. అన్నిసార్లు మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పించుకున్నాడో ఆ రోజు తిరుగు బస్సులో నాకు అర్థమైంది. ఆ పది రోజులూ మా వసారాలో పాఠం నేర్చుకున్నది వాడు.