కన్నమా, మరకా?

సెక్టర్ 2 క్వార్టర్ ఖాళీ చేస్తుంటే అమ్మ లేసు అల్లే అట్ట దొరికింది. దాని మీద పువ్వు బొమ్మ, గుండుసూది గుచ్చాల్సిన చోటల్లా చిన్న కన్నం. అమ్మ అల్లుతుంటే మా వరండాలో దిండు మీద టకటకలాడిన ఆ దారపు బాబిన్లు మీకు గుర్తున్నాయా, మన క్వార్టర్ల లైను పిల్లలూ?

అప్పట్లో ఓ రోజు, చూపు మసకబారుతున్న అమ్మ, అట్టని దిండుకి బిగించబోతూ ఓ పువ్వు రేకులోని చుక్క చూపించింది. "ఏటే ఇది? కన్నమా, మరకా?"

ఆటకి పరిగెడుతూ, అటు చూడకుండానే "కన్నమేలే అమ్మా" అన్నాను.

అమ్మ అక్కడ సూది గుచ్చి అల్లింది. లేసులో ఆ రేకు చిరిగినట్టు విచ్చుకుంది.

"నా కళ్లు పోనాయే" అని బాబిన్లు మూటకట్టేసింది. మళ్లీ ముట్టలేదు.

ఇవాళ అట్టని కిటికీకేసి పట్టాను. కన్నాలన్నింట్లోంచీ వెలుగొచ్చింది, ఆ చుక్కలో మాత్రం అమ్మ గుచ్చిన సూదిమొన గాటు తప్ప కన్నమే లేదు. వట్టి తుప్పు మరక.

ఈ కిటికీ అప్పుడూ ఇక్కడే ఉంది.